మురుగునకు మహర్దశ

పూర్వము రాజులు చెరువు త్రవ్వించి, గట్టుమీద దేవాలయము కట్టించి, శాసనము చెక్కించి, పుణ్యలోకములకు ప్రయాణమయ్యెడివారు. నేటి ఏలికల కంతటి ప్రయాస లేదు. చెరువులు పూర్వులే త్రవ్వి యుంచిరి. వానిలోనికి మురుగును మనము వదలి యుంచితిమి. ఇక మిగిలిన దెల్ల ఆ మురుగును శుద్ధిచేయు కేంద్ర మొకటి గట్టున నిలిపి, చెంత నడకదారియు, పిల్లల ఊయలలును, సీతాకోకచిలుకల వనమును అమర్చి, ప్రహరీగోడపై రెక్కలు విప్పిన కొంగ నొకదానిని చిత్రింపించి, శిలాఫలకముపై తెర తొలగించుటయే. పుణ్యము సంగతి యెట్లున్నను పత్రికలో ఛాయాచిత్రము నిశ్చయము.

హైదరాబాదు దుర్గం చెరువునే చూడుడు. కుతుబ్‌షాహీల కాలమున గోల్కొండ కోటకు త్రాగునీ రందించిన ఈ తటాకము, కొండరాళ్ళ నడుమ మరుగుపడి యుండుటచేత, ‘సీక్రెట్ లేక్’ అను పేరు గడించినది. చుట్టును అద్దాల మేడలు లేచినవి, మేడలతోపాటు వాని స్నానశాలలును లేచినవి, ఆ పిమ్మట చెరువు విషయమై రహస్య మేమియు మిగులలేదు. గాలి తిరిగినప్పుడెల్ల అది తన యునికిని తానే చాటుకొనసాగినది. 2020 సెప్టెంబరులో దానిమీద తీగల వంతెన వెలసి, రాత్రివేళ దీపముల రంగులు మార్చుట యారంభించినది. రంగులు మార్చు విద్యను క్రింది నీరు అంతకు ముందే నేర్చి యుండెను. దినమునకు 50 లక్షల లీటర్లు శుద్ధిచేయు పాత కేంద్రమునకు తోడుగా 70 లక్షల లీటర్ల క్రొత్త కేంద్రము 2023 సెప్టెంబరులో ప్రారంభమైనది. వంతెన ముందు, విస్తరణ మూడేండ్ల వెనుక; మన వాస్తుశాస్త్ర మిట్టిది.

క్రొత్త కేంద్రములను నేను పరిహసించుట లేదు. 2021 నాటికి ఈ నగరము దినమునకు పుట్టించు 165 కోట్ల లీటర్ల మురుగులో, ఉన్న కేంద్రము లన్నియు కలిసి శుద్ధిచేయగలిగినది 77 కోట్ల లీటర్లు మాత్రమే. తక్కినది నాలాల వెంబడి చెరువులకును, చెరువులు దాటి మూసీ నదికిని ధారాదత్త మగుచుండెను. ఆ యేడు 3,866 కోట్ల రూపాయలతో 31 కేంద్రములు, దినమునకు 125 కోట్ల లీటర్లకు మించిన సామర్థ్యముతో నిర్మింప సంకల్పించిరి. మెచ్చదగిన సంకల్పమే. నా పేచీ యెల్ల కేంద్రము చుట్టు అల్లుకొను అలంకారములతోడనే.

విస్తరణ ప్రతిపాదన వచ్చినంతనే సమన్వయ సమావేశము జరుగును. ఉద్యానశాఖవారు మొక్కల జాబితాతోను, పక్షిప్రేమికులు బైనాక్యులర్లతోను, కాలనీ సంక్షేమ సంఘాధ్యక్షులు శాలువాతోను విచ్చేయుదురు. ద్వారమువద్ద నిలుపబోవు ఫ్లెమింగో సిమెంటుదై యుండవలెనా, ఫైబరుదై యుండవలెనా యని గంటసేపు తర్కము సాగును. మురుగు తమ యింట పుట్టినదే యైనను దాని శుద్ధి పొరుగు కాలనీలో జరుగుట న్యాయమని అధ్యక్షులవా రొక వినతిపత్రము సమర్పింతురు. కడపట ఇంజనీరు లేచి, నాలానుండి కేంద్రమునకు మురుగు తెచ్చు గొట్టము ఇంకను వేయలేదనియు, వీధుల డ్రైనేజి పెక్కుచోట్ల వాననీటి నాలాలలోనికే పోవుచున్నదనియు సవినయముగా విన్నవించుకొనును. సభ నిశ్శబ్ద మగును. గొట్టమును భూమిలో పాతిపెట్టుదురు గదా. పాతిపెట్టినదానికి పూలదండ వేయుటను మనవారు శుభకార్యముగా ఎంచరు. కావున పందిరి వేసి, మేళమును పిలిచి, వధువును తీసికొనివచ్చుట మరచిన పెండ్లివలె, కేంద్రము మురుగుకొరకు ఎదురుచూచుచుండగా మురుగు పెరటిదారిని చెరువు చేరును.

ఇక లోపలి యుద్యోగుల సంగతి. 1914లో మాంచెస్టరు నగరమున ఆర్డెర్న్, లాకెట్ అను నిరువురు, మురుగున క్రిందికి దిగిన బురదను పారవేయక తొట్టెలోనే యుంచి, మరల మరల మురుగు పోసి గాలి నూదుచు పోయినచో, ఆ బురదలోని సూక్ష్మజీవులు మాలిన్యమును తామే భుజించునని కనుగొనిరి. నేటి మన క్రొత్త కేంద్రములు సైతము, ఒకే తొట్టెను నింపుట, గాలి నూదుట, తేరనిచ్చుట, పైనీరు వంచుట యను వంతులతో, ఆ సూత్రముమీదనే నడచును. ఇట్టి యుద్యోగులు ఏ శాఖయందును లేరు. వీరికి జీతము లేదు, కరవుభత్యము లేదు, బదిలీకై సిఫార్సుపత్రములు లేవు, సంక్రాంతికి సెలవు లేదు. వీరడుగునది గాలి యొక్కటియే. అయితే ఆ గాలికి విద్యుత్తు కావలెను, విద్యుత్తునకు బిల్లు వచ్చును. బిల్లు చూచి జాలిపడిన పొదుపరి యెవరైనను రాత్రివేళ యంత్రములను నిద్రపుచ్చినచో, ఈ నిరాడంబర సేవకులు ఊపిరాడక క్రమముగా నీరసించి, కడకు నశింతురు. వారికి సంతాపసభ జరుగదు. వాసన మాత్రము జరిగిన దంతయు చెప్పును.

పక్షులను గూర్చి మనవారి విశ్వాసము మరింత ముచ్చటైనది. పొడవాటి ఎఱ్ఱని కాళ్ళతో ఉల్లంకిపిట్టలు గుంపుగా దిగినంతనే, నీరు నిర్మలమైనదని ప్రకటన వెలువడును. ఉల్లంకి మురుగుమడుగులను మిక్కిలి ఇష్టపడు పక్షి. అది వచ్చునది బురదలోని పురుగులకొరకు, మన ప్రశంసాపత్రము వ్రాయుటకు కాదు. చేప నమ్ముకొన్న నీటికాకికిని, లకుముకిపిట్టకును కావలసినది వేరు: నీటిలో కరిగిన ప్రాణవాయువు. మాలిన్యమును తినిపించియు నత్రజనిని, భాస్వరమును విడిచిపెట్టు కేంద్రమునుండి వెలువడిన నీరు, కంటికి తేటగా నుండియు, గుర్రపుడెక్కకు దివ్యమైన ఎరువగును. దానిని తీయుటకు యంత్రము, యంత్రమునకు టెండరు, టెండరునకు వచ్చే యేడు మరల గుర్రపుడెక్క. జీవవైవిధ్య మనగా ఇదియే కాబోలు. నగరపు టంచుననున్న అమీన్‌పూర్ చెరువును 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలముగా ప్రకటించిరి. ఆ యుత్తర్వును చదువనేరని మురుగు అటు పిమ్మటను అందులోనికి వచ్చుచునే యుండెను.

ప్రజాభాగస్వామ్యమందురా, అది రిబ్బను లేకయే ఎన్నడో సిద్ధించినది. నగరము విడిచిన నీటితో మూసీ దిగువన, ఉప్పల్, పీర్జాదిగూడ ప్రాంతములందు రైతులు పారాగడ్డి పెంచిరి. ఆ గడ్డి నగరములోని గేదెల శాలలకు చేరెను. పాలు మన గడపకు వచ్చెను. ఎవరి మురుగు వారికి కాఫీరూపమున తిరిగి వచ్చు ఇంతటి చక్కని పథకమునకు ఏ మంత్రియు శంకుస్థాపన చేయకపోవుట శోచనీయము.

చదువరులారా, మీ పేటలో కేంద్రమును విస్తరింతు రని ఆహ్వానము వచ్చినచో తప్పక పొండు. అయితే వేదిక ముందు కుర్చీకై పోటీపడక, వెనుకవైపునకు నడచి, గొట్టము వచ్చినదా, గాలియంత్రములు తిరుగుచున్నవా, మిగిలిన బురద నెత్తుకొని పోవు లారీ ఏ యూరిదారి పట్టుచున్నది అని అడుగుడు. మూడవ ప్రశ్నకు జవాబు చెప్పువరకు కొబ్బరికాయ కొట్టనీయకుడు.