మద్దెల తొలగింపు పద్యం: టీకా తాత్పర్య సహితం

అవతారిక

విడుదలైన సినిమాలోని నేపథ్య సంగీతాన్ని తీసేసి, బొమ్మను కదపకుండా, వేరే సంగీతాన్ని కూర్చడం ఫ్యాన్ ఎడిట్లలో ఒక శాఖ. ఈ పనికి పూనుకునేవాడు నిర్మాత కాడు, దర్శకుడు కాడు, జీతం పుచ్చుకునేవాడు అసలే కాడు. సినిమా నచ్చి, అందులోని సంగీతం ఒక్కటీ మింగుడు పడనివాడు. తెలుగు చిత్రసీమ రీ-రికార్డింగ్ అని పిలుచుకునే పనిని ఇతడు ఇంట్లో, కంప్యూటరు ముందు, రెండోసారి చేస్తాడు. ఆ విద్యకు మూలమైన ఆటవెలది ఇది. కర్త పేరు తెలియదు. కాపీరైట్ నోటీసుకు జడిసి దాచుకొన్నాడని వ్యాఖ్యాతల ఊహ.

మూలం

మాట చెడక యుండ మద్దెల తొలఁగించి
యడుగు సడుల నిలిపి యతుకు లడఁచి
క్రొత్త వాద్య మొకటి కూర్చిన నేర్పరి
పటము రెండుమార్లు పలుకఁ జేయు

ప్రతిపదార్థం

మాట = పాత్రల సంభాషణ; చెడక యుండన్ = పాడు కాకుండునట్లు; మద్దెల = పాత నేపథ్య సంగీతమును; తొలఁగించి = సౌండ్‌ట్రాక్ నుండి వేరుచేసి; అడుగు సడులన్ = అడుగుల చప్పుడు మొదలగు ఫోలీ శబ్దములను; నిలిపి = పోనీయక ఉంచి; అతుకులు = కోసి కలిపిన చోట్లను; అడఁచి = చెవికి తెలియనీయక; క్రొత్త వాద్యము ఒకటి = మరియొక సంగీతమును; కూర్చిన = బొమ్మకు జతపఱచిన; నేర్పరి = ఓపిక గల ఎడిటర్; పటము = చలనచిత్రమును; రెండుమార్లు = రెండు పర్యాయములు; పలుకన్ చేయు = మాటలాడునట్లు చేయును.

తాత్పర్యం

సంభాషణకు, చప్పుళ్ళకు హాని రాకుండా పాత సంగీతాన్ని తీసి, అతుకు తెలియకుండా కొత్తది పెట్టగలవాడు అదే చిత్రాన్ని ఇంకొక చిత్రంగా వినిపించగలడు.

లక్ష్యం

లక్షణానికి లక్ష్యం చూపాలి గనుక వ్యాఖ్యాత 1985 నాటి ‘లేడీహాక్’ను ఎంచుకుంటాడు. రిచర్డ్ డోనర్ దర్శకుడు. కథ మధ్యయుగపు ఐరోపాలోది. శాపవశాన నాయిక పగలు డేగగా, నాయకుడు రాత్రి తోడేలుగా మారుతుంటారు. కోటలు, మంచు, నల్లగుర్రం, విటోరియో స్టొరారో కెమెరా, ఇన్ని ఉన్నచోట ఒక్కసారిగా సింథసైజర్, ఎలక్ట్రిక్ గిటారు, రాక్ డ్రమ్ములు మొదలవుతాయి. సంగీతం ఆండ్రూ పవెల్‌ది, దాన్ని ప్రొడ్యూస్ చేసినవాడు అలన్ పార్సన్స్. ఆ సంగీతాన్ని ఇష్టపడేవారూ ఉన్నారు. వాద్యబృందంతో వాయించిన భాగాలు నిజానికి బాగానే ఉంటాయి. గుర్రం పరుగెత్తినప్పుడల్లా డ్రమ్ములు కూడా పరుగెత్తడమే చిక్కు.

శంక, సమాధానం

శంక: ఒకరు కట్టిన బాణీని ఇంకొకరు తీసేయడం అపచారం కాదా?

సమాధానం: అపచారమైతే, మొదట చేసినవారు పెద్దలే. స్టాన్లీ కుబ్రిక్ ‘2001: ఎ స్పేస్ ఒడిస్సీ’కి అలెక్స్ నార్త్ చేత సంగీతం రాయించి, చివరకు ఎడిటింగ్‌లో తాత్కాలికంగా వాడుకున్న స్ట్రాస్, లిగెటి రచనలనే ఉంచేశాడు. తన సంగీతం లేదన్న సంగతి నార్త్‌కు 1968లో ప్రీమియర్ చూసినప్పుడు గానీ తెలియలేదు. ‘ట్రాయ్’ (2004) కోసం గాబ్రియెల్ యారెద్ చాలాకాలం శ్రమించి చేసిన సంగీతం ప్రివ్యూ తర్వాత పోయింది, ఆ స్థానంలో జేమ్స్ హార్నర్ కొద్ది వారాల్లోనే వేరొకటి రాశాడు. రిడ్లీ స్కాట్ ‘లెజెండ్’ది మరీ చిత్రం. ఐరోపాలో జెర్రీ గోల్డ్‌స్మిత్ సంగీతంతో, అమెరికాలో టాంజరిన్ డ్రీమ్ సంగీతంతో విడుదలైంది. తాళపత్ర గ్రంథాలకు పాఠాంతరాలున్నట్టు దీనికి శ్రవణాంతరాలున్నాయి. మనవైపు కూడా ఉదాహరణ ఉంది. ‘రాధేశ్యామ్’ (2022) నేపథ్య సంగీతం దక్షిణాది భాషల్లో తమన్‌ది, హిందీలో సంచిత్, అంకిత్ బల్హారాలది. బొమ్మ ఒకటే.

అయితే నిర్మాతకూ అభిమానికీ భేదం ఉంది. నిర్మాత దగ్గర సంభాషణ, సంగీతం, ఎఫెక్టులు వేర్వేరు ట్రాకులుగా ఉంటాయి. ఒకటి తీస్తే మిగిలినవి చెక్కుచెదరవు. అభిమాని చేతికందేది మూడూ కలిసిపోయిన డిస్కు. పద్యంలో మొదటి రెండు పాదాలూ తీయడం గురించే ఉండి, కొత్త సంగీతానికి ఒక్క పాదమే దక్కడానికి కారణం ఇదే. పని కూడా ఆ పాళ్ళలోనే ఉంటుంది. కొత్త పాట ఎంపికతో మొదలుపెట్టినవారు సాధారణంగా పని ముగించరు.

‘మద్దెల’ విచారం

మద్దెల అనడం ఉపలక్షణం. కాకుల నుంచి పెరుగు కాపాడమంటే పిల్లికి వదిలేయమని అర్థం కాదు. అలాగే ఇక్కడ మద్దెల అంటే గిటారు, వయొలిన్, కోరస్ సమస్తం.

తొలగించడానికి మార్గాలు మూడు. మొదటిది కేంద్ర మార్గం. 5.1 ధ్వనిలో సంభాషణ ఎక్కువగా మధ్య స్పీకరులో ఉంటుంది, సంగీతం ఎక్కువగా ఎడమ కుడి స్పీకర్లలో. మధ్యదాన్ని ఉంచుకొని తక్కినవి తీసేస్తే సంభాషణ చాలావరకు దక్కుతుంది. ‘ఎక్కువగా’, ‘చాలావరకు’ అన్న మాటలను పాఠకుడు గట్టిగా పట్టుకోవాలి. మధ్యలోకి సంగీతం కొంత కారే ఉంటుంది. పాత మోనో చిత్రాలకు ఈ మార్గమే లేదు, అక్కడ అన్నీ ఒకే ట్రాకులో ఉంటాయి.

రెండవది వైలోమ్య మార్గం. ‘ఏలియన్’ వంటి కొన్ని చిత్రాల డిస్కుల్లో సంగీతం మాత్రమే వినిపించే ప్రత్యేక ట్రాకు ఉంటుంది. దాని తరంగాన్ని తలకిందులు చేసి పూర్తి మిశ్రమంతో కలిపితే, సూత్రరీత్యా సంగీతం తనను తానే కొట్టేసుకొని మిగతాది నిలుస్తుంది. ఆచరణలో రెండు ట్రాకులూ వేర్వేరుగా కుదించినవి కావడం వల్ల పూర్తిగా కొట్టేసుకోవు. బావిలోంచి ఎవరో పాడుతున్నట్టు శేషం వినిపిస్తుంది.

మూడవది నవీనుల మార్గం. డీజర్ సంస్థ 2019లో బయటపెట్టిన స్ప్లీటర్, ఫేస్‌బుక్ పరిశోధకుల డెముక్స్ వంటి ప్రోగ్రాములు కలిసిన శబ్దాన్ని విడదీస్తాయి. అయితే ఇవి నేర్చుకున్నది పాటల మీద. వీటి దృష్టిలో ప్రపంచం గాత్రం, డ్రమ్ములు, బేస్, ఇతరం అని నాలుగు ముక్కలు. గుర్రపు డెక్కల చప్పుడు వీటికి డ్రమ్ములా తోచే ప్రమాదం ఉంది. లేడీహాక్‌లో గుర్రం, డ్రమ్ము రెండూ కలిసి పరుగెత్తే చోట యంత్రాన్ని తప్పుపట్టడం న్యాయం కాదు, సంగీత దర్శకుడే ఆ అభేదాన్ని ముందు ప్రతిపాదించాడు. సంభాషణ, సంగీతం, ఎఫెక్టులు అనే విభాగంతో సినిమా శబ్దం మీదే నేర్పిన నమూనాలు తర్వాత వచ్చాయి. అవి మేలు.

‘అడుగు సడుల’ విచారం

ఈ పద్యానికి ప్రాణం ఇక్కడ ఉంది. సంగీతాన్ని లాగినప్పుడు దానితో పాటు తలుపు కిర్రుమనడం, కత్తి ఒరలోంచి రావడం, గాలి వీచడం కూడా వచ్చేస్తాయి. అవి పోయినట్టు ప్రేక్షకుడికి వెంటనే తెలియదు, గదిలో మనుషులు గాజు వెనక ఉన్నట్టు మాత్రం అనిపిస్తుంది. లేడీహాక్‌కు ధ్వని, ధ్వని ఎఫెక్టుల విభాగాల్లో రెండు ఆస్కార్ నామినేషన్లు వచ్చాయన్నది ఇక్కడ గుర్తు తెచ్చుకోదగ్గది. సంగీతం మీద కోపంతో కత్తెర పట్టినవాడు మొదట నరికేది ఆ చిత్రంలో అందరూ మెచ్చినదాన్నే.

కనుక పోయినదాన్ని మళ్ళీ పుట్టించాలి. బార్సెలోనాలోని పొంపెవు ఫాబ్రా విశ్వవిద్యాలయం 2005లో ఆరంభించిన ఫ్రీసౌండ్ వంటి భాండాగారాల్లో అడుగులు, గాలి, వాన, తలుపులు దొరుకుతాయి. దొరకనివి ఇంట్లో చేసుకోవాలి. గుర్రపు డెక్కలకు రెండు కొబ్బరి చిప్పలు చాలునన్నది ఫోలీ వృత్తిలో పాత సంగతి. ‘మాంటీ పైథాన్ అండ్ ది హోలీ గ్రెయిల్’ (1975) వాళ్ళు చిప్పలను బొమ్మలోనే చూపించి నవ్వించారు. కొబ్బరి చిప్పలకు కరువు లేని కోనసీమ వాడికి ఈ అధ్యాయం తేలిక. అయితే అడుగులు పెట్టినంతలో పని అయిపోదు. ఏ గదికైనా తనదైన నిశ్శబ్దం ఒకటి ఉంటుంది, దాన్ని రూమ్ టోన్ అంటారు. సంభాషణల మధ్య సందుల్లో అదే గది నిశ్శబ్దాన్ని కత్తిరించి పరచకపోతే, ప్రతి మాట తర్వాతా శబ్దం గోతిలో పడుతుంది.

‘అతుకులు’

అతుకును దాచే చోటు పెద్ద చప్పుడు కింద. తలుపు దభాలుమన్న క్షణాన పాత ధ్వని ముగించి కొత్తది ఎత్తుకుంటే చెవి పట్టుకోలేదు. అలాంటి చప్పుడు లేని చోట, పాతదాన్ని తగ్గిస్తూ కొత్తదాన్ని పెంచే క్రాస్‌ఫేడ్ శరణ్యం.

‘క్రొత్త వాద్య మొకటి’

‘ఒకటి’ అనడం సాభిప్రాయం. పది చిత్రాల సంగీతాన్ని తెచ్చి పది దృశ్యాలకు అంటించినవారు చాలామంది, అది విస్తరిలో చేరిన పది ఊళ్ళ పప్పు. ఒకే కర్త, వీలైతే ఒకే వాద్యబృందం ఉంటేనే ఇతివృత్తపు బాణీ మళ్ళీ వచ్చినప్పుడు గుర్తుపట్టే అవకాశం ఉంటుంది. ఆ సంగీతం మరీ ప్రసిద్ధమైనదై ఉండరాదు. బేసిల్ పోలెడూరిస్ ‘కోనన్’ (1982) సంగీతం కాలానికీ కత్తులకూ చక్కగా నప్పుతుంది గానీ, తెలిసినవాడికి డేగ స్థానంలో ఆర్నాల్డ్ ష్వార్జనెగర్ కనిపిస్తాడు.

తర్వాత లెక్క. సినిమా సెకనుకు 24 ఫ్రేములు. నిమిషానికి 120 తాళాల వేగంలో ఒక్కో దెబ్బ 12 ఫ్రేములకు పడుతుంది, 96 తాళాలైతే 15 ఫ్రేములకు. కత్తి దూసే ఫ్రేము, తల తిప్పే ఫ్రేము ముందుగా గుర్తుపెట్టుకొని వాటి మీద తాళం పడేలా జరపాలి. అసలు చిత్రంలోని కోతలు పాత సంగీతానికి ఒదిగి ఉంటాయి గనుక ఇది ఎప్పుడూ పూర్తిగా కుదరదు. మూడింట రెండు చోట్ల కుదిరితే మిగిలినది ప్రేక్షకుడి మనసే సర్దుకుంటుంది. ఐరోపా పాల్ డిస్కు వాడితే మరో మెలిక ఉంది. అందులో చిత్రం 25 ఫ్రేములతో నాలుగు శాతం వేగంగా పరుగెత్తుతుంది, 121 నిమిషాల లేడీహాక్ 116 నిమిషాలకు తగ్గుతుంది, గొంతుల శ్రుతి అర స్వరస్థానం పైగా పెరుగుతుంది. ముందు దాన్ని సరిచేసి తర్వాతే పని మొదలుపెట్టాలి. మాట వచ్చినచోట సంగీతం తగ్గాలని వేరే చెప్పక్కర్లేదు. చాలామంది తగ్గించరు.

ధర్మ విచారం

ఈ శాఖవారిలో ఒక కట్టుబాటు ఉంది: అసలు డిస్కు కొన్నవాడే చూడాలి, అమ్మకం కూడదు. చట్టం ఇంత ఉదారం కాదు. భారత కాపీరైట్ చట్టం (1957) 52వ సెక్షన్ సొంత వినియోగానికి కొంత చోటిచ్చినా, 57వ సెక్షన్ తన కృతిని పరువు పోయేలా వికృతం చేస్తే అభ్యంతరం చెప్పే హక్కును కర్తకు ఇస్తుంది. 2012 సవరణతో వచ్చిన 65ఎ సెక్షన్, హక్కుల ఉల్లంఘన ఉద్దేశంతో డిస్కు తాళాన్ని పగలగొట్టడాన్ని నేరం చేసింది.

‘రెండుమార్లు’

ఇక్కడ వ్యాఖ్యాతలు రెండు పక్షాలయ్యారు. ప్రాచీనులు, చిత్రాన్ని ఒకసారి పాత సంగీతంతో, ఇంకోసారి కొత్తదానితో చూడాలని చెప్పారు. నవీనులు ఇది ఫైలు నిర్మాణానికి సంబంధించిన విధి అంటారు. ఎంకేవీ ఫైలులో ఒకే బొమ్మకు ఎన్ని ఆడియో ట్రాకులైనా జతచేయవచ్చు గనుక, కొత్త ధ్వనిని మొదటి ట్రాకుగా, అసలు ధ్వనిని రెండవదిగా ఉంచాలని వారి అర్థం. బొమ్మను మళ్ళీ కుదించకుండా ఉన్నదున్నట్టు వదిలేయడం వల్ల దాని నాణ్యత తగ్గదు. రిమోట్‌లో ఆడియో బటన్ నొక్కితే నడుస్తున్న దృశ్యంలోనే రెండూ పోల్చి వినవచ్చు, ఎడిటర్ ఎక్కడ మోసం చేశాడో కూడా పట్టుకోవచ్చు. రెండో పక్షమే గ్రాహ్యం.