గుర్రాలు అద్దెకు ఇవ్వబడును

2025 ఆగస్టులో ఫోక్స్‌వ్యాగన్ కంపెనీ బ్రిటన్‌లో గుర్రాలను అద్దెకివ్వడం మొదలుపెట్టింది. ఐడీ.3 అనే ఎలక్ట్రిక్ కారు కొన్నవాడికి 201 గుర్రాల బలం చేతికొస్తుంది. ఇంకో 27 గుర్రాలు అదే బండిలో, అదే మోటారులో, ఆయన పైసలతో కొన్న బ్యాటరీ పక్కనే కట్టేసి ఉంటాయి. ఆ పలుపు విప్పాలంటే నెలకు 16.50 పౌండ్లు, మన లెక్కన రెండు వేలకు కొంచెం తక్కువ. నెలనెలా ఈ తిప్పలెందుకు అనుకున్నవాళ్లు ఒకేసారి 649 పౌండ్లు కట్టి శాశ్వతంగా విప్పించుకోవచ్చు. శాశ్వతమంటే బండికి శాశ్వతం. రేపు బండి అమ్మేస్తే గుర్రాలు కొత్త యజమాని వెంట పోతాయి.

పెట్రోలు బండ్ల కాలంలోనూ ఎక్కువ బలమున్న ఇంజిన్‌కు ఎక్కువ ధర కట్టేవారు కదా అని కంపెనీవాళ్ల వాదన. కట్టేవారు, నిజమే. కాకపోతే చిన్న ఇంజిన్ కొన్నవాడి బానెట్ కింద పెద్ద ఇంజిన్ పెట్టి తాళం వేసి పంపేవారు కాదు. మన ఎలగందుల ఖిల్లాదార్లకు కూడా ఈ తెలివి తట్టలేదు. ఉలవలు పెడితే గుర్రం ఉరికేది, పెట్టకపోతే నిలబడేది. ఉలవలు తిన్నాక కూడా నాలుగో కాలు కదపడానికి వేరే చందా అడిగిన గుర్రం గురించి కరీంనగర్ చరిత్రలో ఎక్కడా రాసి లేదు.

ఈ వార్త మా బామ్మర్ది ఫోన్‌లో పడింది. వాడిది గ్రానైట్ వ్యాపారం. ఆకుపచ్చ నంబర్ ప్లేటు కారు కొన్నాడు. 2024 నవంబరులో తెలంగాణ సర్కారు ఎలక్ట్రిక్ బండ్లకు 2026 డిసెంబరు దాకా రోడ్డు ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు మాఫీ చేసింది. రవాణా మంత్రి పొన్నం ప్రభాకర్ మన కరీంనగర్ మనిషే కాబట్టి ఆ మాఫీ తనను చూసే ఇచ్చారని వీడి నమ్మకం. అట్లా మిగిలిన పైసలు ఎక్కడ పెట్టాలో తెలియక మనాది పెట్టుకున్నాడు.

“బావా, మన బండి సున్నా నుంచి వందకు తొమ్మిది సెకండ్లు. సర్వీస్ సెంటర్‌ల పికప్ పెంచుతరట. ఎనిమిదిల పోవచ్చు.”

“ఎక్కడికి?”

“ఎక్కడికంటవేంది, వందకు!”

“కరీంనగర్‌ల వంద ఎక్కడున్నదిరా?”

వాడు ఆలోచనలో పడ్డాడు. నేనూ పడ్డాను. గీతాభవన్ చౌరస్తాలో సిగ్నల్ ఉంది, వంద లేదు. టవర్ సర్కిల్ దగ్గర ఇరవై దొరికితే దేవుడి దయ. మానేరు మీద 2023 జూన్‌లో తీగల వంతెన తెరిచారు, దాని మీద నున్నటి రోడ్డు ఉంది, ఆ రోడ్డు మీద సెల్ఫీలు దిగే జనమూ ఉన్నారు. రాజీవ్ రహదారి ఎక్కితే దొరుకుతుందేమో గానీ, కోతలైన కొత్తల్లో మన ఊళ్ల దగ్గర రోడ్డులో సగం వడ్ల కల్లమే. వడ్ల మీదికి బండ్లు రాకుండా చుట్టూ రాళ్లు. ఆ రాళ్లలో కొన్ని మా వాడి క్వారీవే అయినా ఆశ్చర్యం లేదు.

అయినా పోయాం. సర్వీస్ సెంటర్ పేరు చెప్పను. ఏ పేరు చెప్పినా చదివేవాళ్లు మాదీ అదే అంటారు.

లోపల ఏసీ, కాఫీ మిషన్, గోడ నిండా మంచు కొండల్లో ఉరుకుతున్న కారు బొమ్మ. సర్వీస్ అడ్వైజర్ పిల్లగాడు చాలా మర్యాదస్తుడు.

“అప్‌డేట్ ఉన్నదన్నా. గాలిలనే వస్తదని యాడ్‌ల చెప్పిండ్రు గని, మీ మోడల్‌కు గాలిల రాదు. బండే రావాలె.”

“తెచ్చినం గద తమ్మీ.”

“బండి వచ్చింది. ల్యాప్‌టాప్ రాలే.”

ఆ ల్యాప్‌టాప్ హైదరాబాద్‌లో ఉంటుంది. దాన్ని తెరవడం తెలిసిన టెక్నీషియన్ కూడా దానితోనే ఉంటాడు. ఇద్దరూ పొద్దున బయల్దేరారని, సిద్దిపేట దాటారని, చాయ్ తాగుతున్నారని గంటకో కబురు వస్తూ ఉంది. ఈలోపు జాబ్ కార్డు నింపారు. మొదటి వరుసలో ‘ఇంజిన్ ఆయిల్ లెవెల్ చెకింగ్’ అని ఉంది. బండికి ఇంజినే లేదు కదా అంటే, “అన్ని బండ్లకు ఫారం ఒక్కటే అన్నా, అది లెక్కల పట్టుకోకున్రి” అన్నాడు. ఆ కింద వీల్ అలైన్‌మెంట్, ఏసీ శానిటైజేషన్, అండర్‌బాడీ కోటింగ్. పికప్ కోసం పోయినవాడు బండి అడుగుకు రంగేయించుకోవడానికి సంతకం పెట్టాడు.

మధ్యాహ్నం ల్యాప్‌టాప్ వచ్చింది. అప్‌డేట్ ఎక్కాలంటే బ్యాటరీలో సగానికి మించి చార్జింగ్ ఉండాలంది. సెంటర్‌లో ఉన్న చార్జర్‌కు టెస్ట్ డ్రైవ్ బండి తగిలించి ఉంది, దాని తాళం తీసుకున్న సేల్స్ మేనేజరు ఎవరింటికో డెలివరీ పూజకు పోయాడు. ఆయన వచ్చాక, చార్జింగ్ ఎక్కాక, అప్‌డేట్ సగం దాకా వచ్చి నిలిచింది. నెట్ పోయింది. మళ్లీ మొదటి నుంచి.

చీకటి పడ్డాక బండి చేతికొచ్చింది. ఒక్క సెకను తగ్గిందట. నేను కూర్చున్నచోటే లెక్క వేశాను. ఎనిమిది గంటలు కూర్చున్నామనుకున్నా 28,800 సెకండ్లు. సున్నా నుంచి వందకు ఉరికిన ప్రతిసారీ ఒక సెకను ఆదా అవుతుంది కనుక, ఆనాడు పోయిన పూటను వసూలు చేసుకోవాలంటే మా బామ్మర్ది 28,800 సార్లు ఉరకాలి. రోజుకు ఇరవై సార్లు ఉరికినా దాదాపు నాలుగేళ్లు. అదీ మధ్యలో మళ్లీ సర్వీసింగ్‌కు పోకుండా ఉంటేనే.

ఇంతకూ ఆ ల్యాప్‌టాప్ లోపల ఏం చేసింది? కొత్త సామాను ఏదీ బిగించలేదు. బ్యాటరీ నుంచి మోటారుకు కరెంటు ఎంత పోవాలో నిర్ణయించే కంట్రోలర్ ఒకటి ఉంటుంది. ఇంతకు మించి వదలొద్దు అని దానికి ఒక అంకె రాసిపెడతారు. ఆ అంకెను కొద్దిగా పెంచారు. అంతే సంగతి. కాకపోతే కరెంటుకు ఒక గుణం ఉంది. తీగలో కరెంటు రెండింతలైతే వేడి నాలుగింతలవుతుంది. వేడి పెరిగితే బ్యాటరీ పాడవకుండా బండి తనంతట తానే బలం తగ్గించుకుంటుంది. మే నెలలో రామగుండం, జగిత్యాల వైపు నలభై ఐదు డిగ్రీల ఎండలో పెంచిన పికప్ ఎంత నిలుస్తుందో సూర్య భగవానుడికి వదిలేయాలి. కంపెనీ విప్పిన పలుపును ఆయన మళ్లీ కట్టేస్తాడు, అదీ పైసా తీసుకోకుండా.

న్యాయంగా ఒక మాట చెప్పాలి. అప్‌గ్రేడ్లన్నీ దోపిడీ కావు. 2022 జులైలో టాటా వాళ్లు పాత నెక్సాన్ ఈవీ కొన్నవాళ్లను కూడా సర్వీస్ సెంటర్లకు పిలిచి, బ్రేకు నుంచి చార్జింగ్ రాబట్టుకునే రీజెన్‌లో కొత్త మెట్లు, క్రూయిజ్ కంట్రోల్ లాంటివి సాఫ్ట్‌వేర్‌తో ఎక్కించారు. మొదటిసారి ఉచితమన్నారు. 2023 ఫిబ్రవరి 15 నుంచి నెక్సాన్ ఈవీ మ్యాక్స్ రేంజ్‌ను 437 కిలోమీటర్ల నుంచి 453కు పెంచే అప్‌డేట్‌ను డీలర్ల దగ్గర ఇచ్చారు. పదహారు కిలోమీటర్లు తేరగా వచ్చాయి. ఇంచుమించు కరీంనగర్ నుంచి చొప్పదండి. అయితే ఆ 437 అయినా ఈ 453 అయినా గదిలో రోలర్ల మీద చక్రాలు తిప్పి తేల్చిన అంకెలు. రోలర్ల మీద ఎదురుగాలి ఉండదు, వడ్ల కల్లం ఉండదు, వెనుక సీట్లో “ఏసీ పెంచు” అనే అత్తగారు ఉండదు.

అసలు ఈ విద్యకు గురువు టెస్లా. 2019 డిసెంబరులో మోడల్ 3 కారుకు అర సెకను తగ్గించడానికి 2,000 డాలర్లు తీసుకుంది. 2023 మార్చిలో న్యూజెర్సీలోని ఎడిసన్‌లో మనవాళ్లు టెస్లా కార్లను వరుసగా నిలబెట్టి ‘నాటు నాటు’కు లైట్లు ఆడించారు, గుర్తుందిగా. ఆ లైట్ల ఆట కంపెనీ ఉచితంగా ఇచ్చిందే. కారు ఆడితే ఉచితం, ఉరికితే చందా. 2022లో మెర్సిడెస్ అమెరికాలో ఏడాదికి 1,200 డాలర్లు కడితే దాదాపు ఒక సెకను తగ్గిస్తానంది. అదే ఏడాది బీఎండబ్ల్యూ కొన్ని దేశాల్లో సీటు వెచ్చబడటానికి నెల చందా పెట్టి, జనం తిట్టిపోస్తే మరుసటి ఏడాది మానుకుంది. ఆ పథకం కరీంనగర్ దాకా రాలేదు. వచ్చి ఉంటే ఏప్రిల్‌లో కలెక్టరేట్ ముందు గంటసేపు నిలిపిన ఏ కారు సీటునైనా వాళ్లకు చూపించేవాళ్లం.

నాకు అన్నిటికన్నా నచ్చింది 2017 సెప్టెంబరు ముచ్చట. ఫ్లోరిడా మీదికి ఇర్మా తుపాను వస్తుంటే, పారిపోయే జనానికి టెస్లా కొన్ని కార్ల బ్యాటరీల్లో తాళం వేసి ఉంచిన భాగాన్ని దూరం నుంచే తెరిచింది. దాదాపు యాభై కిలోమీటర్లు ఎక్కువ పోగలిగారు. గండం గడిచాక మళ్లీ తాళం వేసింది. అందరూ మెచ్చుకున్నారు. నాకైతే అది తలుచుకున్నప్పుడల్లా 2022 జులై గుర్తొస్తుంది. కడెం ప్రాజెక్టు గేట్ల మీది నుంచి నీళ్లు దుంకుతున్న ఆ రోజు కింది ఊళ్ల జనం ట్రాక్టర్ల మీద, ఆటోల్లో బయటపడ్డారు. ట్రాక్టర్‌కు ఎవరూ తాళం తియ్యాల్సిన పని పడలేదు. ఎంత బలముందో అంత బలమూ మొదటి నుంచి బయటే ఉంది.

చట్టం ఏమంటుందో కూడా చూద్దాం. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు చెప్పిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ మాటే గట్టిగా చెప్పింది. 2023 మేలో కేరళ రవాణా శాఖ ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూముల మీద పడింది. 250 వాట్లు, 25 కిలోమీటర్ల వేగం దాటకపోతే లైసెన్సూ రిజిస్ట్రేషనూ అక్కర్లేని బండ్లకు గుట్టుగా బలం పెంచి అమ్ముతున్నారని పట్టుకుంది. అంటే షోరూంవాడు పెంచితే నేరం, కంపెనీవాడు పెంచితే ఆఫర్. మరి ఒకటో తారీఖున చందా కడితే పెరిగి, ముప్పైనాడు కట్టకపోతే తగ్గే గుర్రాలను ఆర్‌సీలో ఎట్లా రాస్తారు? నెలనెలా తిమ్మాపూర్ ఆర్‌టీఏ ఆఫీసుకు పోయి దిద్దించుకోవాలా? బయట గొడుగుల కింద కూర్చునే ఏజెంట్లకు ఈ ఆలోచన ఇంకా తట్టలేదు. నేను చెప్పానని చెప్పకండి.

ఇక ఆదిలాబాద్ ప్రయాణం. అక్కడ జిన్నింగ్ మిల్లు ఉన్న దోస్తు ఇంట్లో లగ్గం. డిసెంబరు నెల. కొత్త పికప్ చూపించాలని మా వాడు ఉబలాటపడ్డాడు. రెండు వందల కిలోమీటర్ల పైచిలుకు దూరం. జగిత్యాల రాకముందే మీటర్ చూసి మొహం చిన్నబుచ్చుకున్నాడు. పికప్ వాడుకుంటే రేంజ్ పడిపోతోంది. స్పోర్ట్ నుంచి ఎకోకు దిగాడు. తర్వాత ఏసీ కట్టేశాడు. నిర్మల్ దాటి మహబూబ్ ఘాట్ ఎక్కేటప్పుడు పాటలు కూడా కట్టేశాడు, అవి ఎంత కరెంటు తింటాయని అడిగితే చెప్పలేదు. ఘాట్ దిగేటప్పుడు మాత్రం రీజెన్‌తో కొంత తిరిగొచ్చింది. జీవితంలో పైకి ఎక్కినప్పుడు కాక కిందికి దిగినప్పుడు వాడు సంతోషపడటం అదే మొదటిసారి చూశాను. గుడిహత్నూర్ దగ్గర పత్తి బండ్లు బారులు తీరి ఉన్నాయి. ఎనిమిది సెకండ్ల బండి ఎద్దుల వెనుక ఎద్దుల వేగంతోనే పోయింది.

పొద్దున్నే ఆదిలాబాద్ చలి. పేపర్లో రాష్ట్రంలోనే తక్కువ ఉష్ణోగ్రతల పట్టికలో అర్లి (టి) పేరు రోజూ కనిపించే కాలం. చల్లబడిన బ్యాటరీ రీజెన్‌ను సరిగా తీసుకోదు, రేంజ్ కూడా కోస్తుంది. రాత్రి చూసిన అంకె పొద్దుటికి లేదు. “కంపెనీవాడు మళ్ల తాళం ఏసిండా బావా” అని వాడు నిజంగానే అనుమానపడ్డాడు. లగ్గం ఇంట్లో భోజనం చేస్తున్నంతసేపూ కారు పశువుల కొట్టం పక్కన వైరు తగిలించుకుని నిలబడింది. పెళ్లికొడుకు మేనమామ వచ్చి దాని చుట్టూ తిరిగి, “దీనికీ గడ్డి ఏస్తున్నరా” అన్నాడు.

నాలుగైదు రోజులయ్యాక రాజీవ్ రహదారి మీద హైదరాబాద్ పోతుంటే ఆర్టీసీ ఎలక్ట్రిక్ సూపర్ లగ్జరీ బస్సు మమ్మల్ని దాటేసి పోయింది. 2024 సెప్టెంబరులో కరీంనగర్ నుంచి జేబీఎస్‌కు మొదలైన బస్సులు. వాటికి బూస్టు లేదు, చందా లేదు. రాత్రయితే డిపోకు పోతాయి, చార్జింగ్ అక్కడే. మా వాడు ఎకోలో అరవై దాటకుండా, ఆ బస్సు వెనుక అద్దాన్ని చాలాసేపు చూశాడు.

ఆ సాయంత్రమే సర్వీస్ సెంటర్ పిల్లగాడు ఫోన్ చేశాడు.

“అన్నా, రేపు హెడ్డాఫీసు నుంచి ఫోన్ వస్తది. పదికి పది ఇయ్యున్రి. తొమ్మిదిచ్చినా మాకు సున్నా కిందనే లెక్క.”

“ఇస్త తియ్. గని తమ్మీ, బండ్లకు అప్‌గ్రేడ్ ఇస్తున్నరు, మీకేమన్న ఇస్తరా? ఆ ల్యాప్‌టాప్ నువ్వే నేర్చుకోరాదు?”

“ట్రైనింగ్ ఉన్నదన్నా, హైదరాబాద్‌ల. పోయిరాను కిరాయి మేమే పెట్టుకోవాలె.” కొంచెం ఆగి మళ్లీ అన్నాడు: “కరెంటు బస్సు మంచిగనే ఉన్నదటగా అన్నా?”