వెనకిరుసు పురాణం

మా ఇంట్లో ఈమధ్య నా పేరు ‘త్రీ సెవెంటీ త్రీ’. పెట్టింది మా ఆవిడ. నేను గరాజ్‌లో ఉంటే పిల్లలు కూడా “అమ్మా, త్రీ సెవెంటీ త్రీ కాఫీ అడుగుతున్నాడు” అనే దాకా వచ్చింది.

టెక్సాస్‌లో ఫ్రిస్కోలో ఉంటాం. పొద్దున లేస్తే కంప్యూటరు ముందు కూర్చునే ఉద్యోగం నాది. ఇండియన్ స్టోర్లో కొన్న బియ్యం బస్తాని కారు డిక్కీలోంచి వంటింటి దాకా చేర్చాలంటే మధ్యలో దించి, నడుం పట్టుకుని, గోడకున్న ఫొటో ఏదో చూస్తున్నట్టు నటించి, మళ్లీ ఎత్తుతాను. అలాంటి భారవాహికి, వేల పౌండ్ల ట్రైలరు లాగే పికప్ ట్రక్కు వెనక ఇరుసులో ఎన్ని పళ్లుండాలన్న బెంగ పట్టుకుంది.

మొదలు చాలా మామూలుగా జరిగింది. పిల్లలు క్యాంపింగ్ అన్నారు. ఇండియా నుంచి వచ్చిన అత్తయ్యగారు గుడారంలో పడుకోనన్నారు. “లోపల మంచాలూ బాత్రూమూ ఉండే ట్రైలర్లు ఉంటాయట, చూడండి” అంది మా ఆవిడ. నేను ట్రైలర్లు చూడలేదు. దాన్ని లాగే ట్రక్కు రంగూ సీట్లూ కూడా చూడలేదు. ఫోర్డ్ ఎఫ్-150 బ్రోషరు చివర్లో, ఎవరూ చదవకూడదన్నట్టు అచ్చేసిన, ట్రక్కు ఎంత బరువు లాగగలదో చెప్పే చిన్న అక్షరాల పట్టిక చూశాను. అదే ట్రక్కు, అదే ఇంజను. యాక్సిల్ రేషియో 3.31 అయితే ఒక లెక్క, 3.55 అయితే ఇంకో లెక్క, 3.73 అయితే అన్నిటికన్నా పెద్ద లెక్క. పోనీ పక్క కంపెనీ వైపు చూద్దామంటే షెవర్లే వాళ్లు 3.23, 3.42, 3.73 అంటున్నారు, ర్యామ్ వాళ్లు 3.21, 3.55, 3.92 అంటున్నారు. ఎంసెట్ తర్వాత నన్నింత కంగారు పెట్టిన అంకెలు మళ్లీ ఇవే.

సంగతి నిజానికి చిన్నదే. ఇరుసు మధ్య ఉబ్బెత్తుగా ఉండే డబ్బాలో ఒక పెద్ద పళ్లచక్రం, దాన్ని తిప్పే చిన్న పినియన్ ఉంటాయి. మన మెకానిక్కులు క్రౌన్-పినియన్ అనేది దీన్నే. పెద్దదానికి 41 పళ్లు, చిన్నదానికి 11 ఉంటే 41ని 11తో భాగించండి, 3.73. పెద్దదానికి 39 ఉంటే 3.55. అంటే చక్రం ఒక్క చుట్టు తిరగడానికి, ఇంజను వైపు నుంచి వచ్చే షాఫ్టు అన్ని చుట్లు తిరగాలి. అంకె పెరిగేకొద్దీ చక్రానికి బలం పెరుగుతుంది, ఇంజనుకు తిరుగుడు పెరుగుతుంది, ఆ తిరుగుడుకు తగ్గట్టు ఇంధనమూ తాగుతుంది. తిరుమల నడకదారిలో మోకాళ్ల పర్వతం దగ్గర అందరూ పొట్టి పొట్టి అడుగులు వేయడం చూశారుగా, అదే ఇది. అడుగులు ఎక్కువ పడతాయి, ఆయాసం తగ్గుతుంది.

మరి చక్కగా 40, 10 అని పెట్టుకోకుండా ఈ 41, 11 ఏమిటి? ఈ రెండింటికీ ఉమ్మడి భాజకం లేదు. అందువల్ల చిన్నచక్రంలోని ప్రతి పన్నూ పెద్దచక్రంలోని ప్రతి పన్నునీ వంతులవారీగా కలుస్తుంది. ఒకే జత అస్తమానం ఒరుసుకోదు, అరుగుదల అన్నిటికీ సమంగా పడుతుంది. ఇది తెలిసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా ఆవిడని లేపి చెప్పాను. “మంచిది” అని అటు తిరిగి పడుకుంది.

తర్వాత ఎక్సెల్ షీటు తయారైంది. టైరు ఎత్తు 32 అంగుళాలు, వేగం గంటకు 65 మైళ్లు, పదో గేరు నిష్పత్తి 0.64. ఇరుసు 3.55 అయితే ఇంజను దాదాపు 1,550 ఆర్‌పీఎం దగ్గర తిరుగుతుంది. 3.73 అయితే దాదాపు 1,630. తేడా 80. ఈ 80 కోసం నేను బంధువర్గాన్ని పోగొట్టుకున్నాను. అతిశయోక్తి కాదు. ఒకాయన గృహప్రవేశానికి వెళ్లాం. వాకిట్లో ఆయన ట్రక్కు, దానికి కొత్తగా వేయించిన 35 అంగుళాల టైర్లు. సత్యనారాయణస్వామి ప్రసాదం చేతిలో పెడుతుంటే, “అన్నా, 32 తీసి 35 వేశావు గనక నీ 3.73 ఇప్పుడు 3.41తో సమానం, తెలుసా?” అన్నాను. లెక్క తప్పు లేదు. ఆయన మాత్రం అప్పటినుంచి గుళ్లో కనిపిస్తే స్తంభం వెనక్కి వెళ్తున్నాడు.

మా మావయ్యగారు ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరయ్యారు. రాజమండ్రి-భద్రాచలం రూటులో మారేడుమిల్లి ఘాటు ఎక్కీ దిగీ తలపండిన మనిషి. రోజూ సాయంత్రం ఆయన్ని సోఫాలో కూర్చోబెట్టి ల్యాప్‌టాప్ చూపించి ఉపన్యాసం ఇచ్చేవాణ్ణి. అల్లుడినన్న మర్యాదకి వినేవారు. ఒకరోజు అడిగారు.

“దీనికి గేర్లు ఎన్ని బాబూ?”

“పది, మావయ్యగారూ.”

“పదే! ఎత్తు వస్తే ఎవరు దింపుతారు?”

“అదే దింపుకుంటుంది. ఆటోమేటిక్.”

“మరి నీకు బాధేంటి?”

నా దగ్గర సమాధానం ఉందనుకుని షీటు తెరిచాను. లేదు. పైగా షీటు ఆయన పక్షానే నిలబడింది. ఈ గేరుబాక్సులో తొమ్మిదో గేరు 0.69, పదోది 0.64. 3.55 బండి తొమ్మిదో గేరులో, 3.73 బండి పదో గేరులో పోతుంటే, ఎక్కువ బలంగా లాగేది 3.55దే! నాలుగు గేర్ల ఆటోమేటిక్‌ల కాలంలో మూడుకీ నాలుగుకీ మధ్య అగాధం ఉండేది. ఎత్తు మీద మూడులో ఇంజను అరిచేది, నాలుగులో మూలిగేది. అప్పుడు ఇరుసు ఎంచుకోవడం జాతకాలు చూడడమంత పెద్ద పని. ఇప్పుడు మెట్లన్నీ దగ్గర దగ్గరగా వేశారు. నేనేమో 1995 నాటి దిగులు మోస్తూ తిరుగుతున్నాను.

అయినా ఓడిపోవడం ఇష్టం లేక, “మొదటి గేరుకి కింద ఇంకేం లేదు కదా మావయ్యగారూ! బరువుతో ఎత్తు మీద ఆగి కదిలేటప్పుడు, రివర్సులో ఎక్కించేటప్పుడు, ఆ ఐదు శాతం అదనపు బలం 3.73 ఇరుసే ఇవ్వాలి” అన్నాను. ఇది నిజం కూడా. ఆయన “అదీ నిజమే” అని వార్తలు పెట్టుకున్నారు.

తర్వాత నా కన్ను పరీక్షల మీద పడింది. ఎంత లాగగలదో కంపెనీలు ఎవరికి తోచింది వాళ్లు చెప్పుకోకుండా ఎస్‌ఏఈ సంస్థ జె2807 అని ఒక ప్రమాణం పెట్టింది. అరిజోనాలో డేవిస్ డ్యామ్ దగ్గర ఎండలో కాలిపోయే 11.4 మైళ్ల ఎక్కుడు ఉంది. పూర్తి బరువు తగిలించి, ఏసీ పెద్దగా పెట్టి, మామూలు పికప్ అక్కడ గంటకు 40 మైళ్ల కంటే తగ్గకుండా ఎక్కాలి. చదువుతుంటే ఒళ్లు పులకరించింది. ఇంకాస్త కిందికి పోతే బండిలో కూర్చునే ఇద్దరి బరువు మనిషికి 150 పౌండ్లుగా లెక్కిస్తారని ఉంది. నేను 190. నేనొక్కణ్ణే ఆ ప్రమాణాన్ని ఉల్లంఘిస్తున్నాను.

అంటే ఇంటిల్లిపాది బరువూ కావాలి. ఆ రాత్రి భోజనాలయ్యాక బాత్రూములోని తూకం యంత్రాన్ని హాల్లోకి తెచ్చి, “అందరం ఒకసారి చూసుకుందాం, ఆరోగ్యానికి మంచిది” అన్నాను. మావయ్యగారు శాలువాతో సహా ఎక్కారు. పిల్లలు ఒకరి భుజం మీద ఒకరు ఎక్కారు. “అన్నం తిన్న వెంటనే చూసుకోకూడదు బాబూ” అని అత్తయ్యగారు లోపలికి వెళ్లిపోయారు. మా ఆవిడ యంత్రాన్ని కాదు, నన్ను చూసింది. గతిలేక వాళ్లిద్దరి గడుల్లో నేనే అంచనాగా అంకెలు వేసుకున్నాను. ఆ షీటు ప్రింటరు మీద మర్చిపోవడం నా కర్మ. అంచనా ఎక్కువైందో తక్కువైందో నాకు ఇప్పటికీ చెప్పలేదు గానీ, ఆ వారమంతా నా కంచంలోకి కూర అడుగున మాడింది మాత్రమే వచ్చింది.

ఆ కోపం పూర్తిగా చల్లారక ముందే షోరూముకి వెళ్లాం. మధ్యాహ్నం ఎండ. తారు మీద వెల్లకిలా పడుకుని, ఫోను లైటు వేసి, ఇరుసు డబ్బాకి తగిలించిన రేకు బిళ్ల మీది అంకె చదవడానికి ట్రక్కు కిందికి దూరాను. చొక్కా తారుకి అతుక్కుంది. సేల్స్ కుర్రాడు పరుగెత్తుకొచ్చి అంబులెన్సు పిలవమంటారా అని అడిగాడు. ఈలోగా మా ఆవిడ డ్రైవరు తలుపు తెరిచి, నిలబడే చదివింది: “ఇక్కడ యాక్సిల్ అని రాసి ఎల్9 అని ఉందండీ.” ఎల్9 అంటే 3.55. అదెప్పుడూ తలుపు పక్కనే ఉంటుంది. నాకు తప్ప అందరికీ తెలుసు.

“పక్కన ఈ పసుపు కాగితం ఏమిటి?” అంది.

ఆ పసుపు కాగితం గురించి నా షీటులో ఒక్క గడి కూడా లేదు. మనుషులూ సామానూ కలిపి 1,640 పౌండ్లు మించరాదని దాని మీద ఉంది. ట్రైలరు ఎంత బరువున్నా చక్రాల మీదే ఉంటుంది కదా అనుకుంటాం. దాని ముందుకొన ట్రక్కు హిచ్ మీద వాలుతుంది. ఆ వాలే బరువు ట్రైలరు మొత్తంలో పదో వంతు నుంచి ఆరున్నరో వంతు దాకా ఉండాలి, లేకపోతే ట్రైలరు తోక ఆడిస్తుంది. నేను మనసుపడ్డ ట్రైలరు సామాను నిండితే 6,500 పౌండ్లు. 13 శాతం చొప్పున 845 ట్రక్కు మీద పడుతుంది. బరువు సర్దే హిచ్ సరంజామా ఇంకో 90. మిగిలింది 705. మా ఆరుగురి బరువు, విడివిడిగా ఎవరిదెంతో చెప్పే ధైర్యం లేక మొత్తంగా చెబుతున్నాను, 805. అంటే ఆవకాయ జాడీ ఎక్కక ముందే వంద పౌండ్లు ఎక్కువ.

ఇరుసులో 3.73 వేయించినా ఆ పసుపు కాగితం మీది అంకె ఒక్క పౌండు కదలదు. రేషియో మారితే లాగే శక్తి మారుతుంది గానీ, మోసే శక్తి మారదు. బియ్యం బస్తా మనిషికి ఈ తేడా ఎందుకు తట్టలేదో నన్నడగకండి.

“అయితే నేనూ అమ్మా ఇంట్లో ఉండిపోతాంలే, ట్రైలరు తీసుకెళ్లండి” అంది మా ఆవిడ. ఆ గొంతు విన్నాక 5,000 పౌండ్ల చిన్న ట్రైలరుకి దిగొచ్చాను. ముందుకొన 650, హిచ్ 90, మేము 805. ఇంకా 95 పౌండ్లు మిగులు. గ్రైండరు ఇంట్లో, ఆవకాయ బండిలో. కొసమెరుపేమిటంటే ఆ బరువుకి 3.55 కూడా అక్కర్లేదు, 3.31 చాలు. అన్ని రాత్రుల పరిశోధనా పట్టికలో అన్నిటికంటే కింది గడి దగ్గర తేలింది.

ఎల్9 బండే కొన్నాం. అద్దె ట్రైలరు తగిలించి యూఎస్ 287 మీద అమరిల్లో వైపు, పాలో డూరో కాన్యన్‌కి వెళ్లాం. ఆ దారిలో ఎక్కుళ్లు పెద్దగా లేవు, గాలి ఉంది. ఎదురుగాలికి ట్రైలరు ముఖం గోడలా నిలబడితే బరువు సంగతి ఎవరికీ గుర్తుండదు. బండి ఏడుకీ ఎనిమిదికీ మధ్య ఊగుతూ పోయింది. నేను ఆర్‌పీఎం లెక్కలన్నీ కట్టిన పదో గేరు దారి పొడుగునా ఒక్కసారి కూడా పడలేదు. గ్యాలనుకు 9 మైళ్లు వచ్చింది, అది కూడా మా ఆవిడే లెక్కగట్టింది. కాన్యన్‌లోకి దిగే రోడ్డు పది శాతం వాలు. వెనక సీట్లోంచి మావయ్యగారు ముందుకు వంగి, “ఏ గేరులో ఎక్కాలో ఆ గేరులోనే దిగు. బ్రేకు మీద కాలు వేసి కూర్చోకు” అన్నారు. టో-హాల్ బటన్ నొక్కాను. బండి ఆయన మాటే విని గేరు దింపుకుంది.

ఈ పేచీలో పడబోయేవాళ్లకి నా మాట. ట్రైలరు నిండు బరువు ట్రక్కు పరిమితికి దగ్గరగా ఉంటేనో, కొండల్లోనే తిరుగుడు అయితేనో వాదించకుండా 3.73 తీసుకోండి. లేకపోతే షోరూములో దొరికే 3.55 చాలు. ముందు మాత్రం తలుపు తెరిచి పసుపు కాగితం చదవండి. ట్రైలరు ఖాళీ బరువు ఎంతన్నా నమ్మకండి. ఇంట్లో ఎవరినీ ఏ యంత్రమూ ఎక్కించకండి. హైవే పక్కన ట్రక్కు స్టాపుల్లో లారీలు తూచే కాటా ఉంటుంది. అందరినీ బండిలో కూర్చోబెట్టి, ట్రైలరుతో సహా దాని మీదికి నడపండి. చేతికిచ్చే చీటీ మీద ఏ ఇరుసు మీద ఎంత బరువుందో ఉంటుంది గానీ, ఏ సీట్లో ఎంతుందో ఉండదు.