సుగ్గికి అపార్ట్‌మెంట్ బుక్ చేసుకున్నారా?

దసరాకు జరిగే దేవరగట్టు బన్ని ఉత్సవం ముగిసి, ఆదోని యార్డుకు పత్తి రాక పలచబడే వేళకు మన కర్నూలు పడమటి మండలాల మీద ఏటా ఒక మాట తిరుగుతుంది. కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు, హొళగుంద జనం గుంటూరు వైపు మిరప కోతల వలసకు, అంటే సుగ్గికి, పోవడం పనుల్లేక కాదట, అలవాటుగా పోతున్నారట. ఊళ్లో ఉపాధి హామీ పనులున్నా నాలుగు డబ్బులు ఎక్కువ వస్తాయని ఇష్టపడి బండెక్కుతున్నారట. సర్కారులో ఇంత పెద్దవాళ్లు చెబుతుంటే కాదనడం దేనికి, నమ్మేద్దాం. చలికాలంలో, ఇష్టపడి, పెళ్లాం పిల్లలతో సహా ఊరు విడిచి రెండు మూడు నెలలు తిరిగొచ్చేదాన్ని ఉన్నవాళ్లు వింటర్ ట్రిప్ అంటారు. మరి వింటర్ ట్రిప్‌కు జరిగే మర్యాదలన్నీ దీనికీ జరగాలి కదా. అందులో మొదటిది బస.

యూరప్ పోయే తెలుగు కుటుంబం పారిస్, ప్రాగ్, వియన్నా అని ఊళ్ల పేర్లు రాసుకున్న మరుక్షణం నుంచి బస గురించే మాట్లాడుకుంటుంది. హోటల్‌కన్నా అపార్ట్‌మెంట్ మేలంటారు, అన్నం వండుకోవచ్చు కాబట్టి. అయితే స్టవ్ ఇండక్షనా, మన కుక్కర్ దాని మీద పనిచేస్తుందా? తాలింపు పెడితే పొగ అలారం మోగుతుందా? హీటర్ ఖర్చు అద్దెలోనే కలిపారా? లిఫ్టు ఉందా, నాలుగో అంతస్తుకు పెట్టెలు మోయాలా? క్లీనింగ్ చార్జీ ఎంత, ట్రిప్ రద్దయితే డబ్బు వెనక్కి వస్తుందా? వేడినీళ్లు ఆలస్యంగా వచ్చాయని ముక్కూ మొహం తెలియని వాడెవడో రివ్యూ రాస్తే ఆ ఇల్లు జాబితాలోంచి ఎగిరిపోతుంది. ఇందులో తప్పేం లేదు, డబ్బు పెట్టేవాడు అడుగుతాడు. ఇక షెంజెన్ వీసా ఇచ్చేవాళ్లు పెద్దవాళ్లకు తలా 90 యూరోల ఫీజు కట్టించుకుని, కనీసం 30,000 యూరోల వైద్య బీమా చూపించమని, ఏ రాత్రి ఏ కప్పు కింద పడుకుంటారో దానికీ కాగితం పెట్టమంటారు. ఆ కప్పుల మీద అక్కడి నగరాల్లో వేరే పంచాయితీ నడుస్తోంది. ఆమ్‌స్టర్‌డామ్‌లో సొంత ఇంటిని ఏడాదికి 30 రాత్రులకు మించి యాత్రికులకు ఇవ్వకూడదు. పారిస్ 120 రాత్రుల పరిమితిని 2025 నుంచి 90కి దించింది. ఊరివాళ్లకే అద్దె ఇళ్లు దొరకడం లేదంటూ బార్సిలోనా మేయర్ 2024 జూన్‌లో 10,101 టూరిస్టు ఫ్లాట్ల లైసెన్సులను 2028 నవంబరు నాటికి ముగించేస్తామని ప్రకటించారు. ఒక మనిషి ఒక రాత్రి నిద్రకు ఇన్ని రూళ్లు!

ఇప్పుడు మన ట్రిప్‌కు వద్దాం. సామాన్లు: బియ్యం మూట, జొన్నపిండి, రెండు గిన్నెలు, దుప్పట్లు, ఒక ప్లాస్టిక్ పట్ట, చంకన పిల్ల. టికెట్టు బాధ లేదు, మేస్త్రి ముందే అడ్వాన్సు ఇచ్చి ఉంటాడు కాబట్టి మనిషే టికెట్టు. దిగాక చేను గట్టు మీదో, కాలువ పక్క బీడులోనో నాలుగు కర్రలు పాతి ఆ పట్ట కప్పుకోవాలి. దీన్ని యాప్‌లో పెడితే భలేగా ఉంటుంది. ఓపెన్ కిచెన్, అంటే మూడు రాళ్లు. నాలుగు దిక్కులా గాలి. పనిచేసే చోటికి నడక దూరం సున్నా. నీళ్లు మోటారు వేసినప్పుడు. బాత్‌రూము తెల్లవారక ముందు, ఆడవాళ్లు గుంపుగా పోతే. హీటింగ్ అక్కర్లేదు, పగలంతా మిరపకాయలు కోసిన చేతులు రాత్రంతా వాటంతటవే మండుతాయి. అపార్ట్‌మెంట్ల వ్యాపారులు తరచూ వాడే నినాదం 'స్థానికుల్లా బతకండి' అన్నది. ఇక్కడి స్థానికుడు మాత్రం స్లాబు ఇంట్లో తలుపు గడియ పెట్టుకుని పడుకుంటాడు. రివ్యూ రాయాలనుకుంటే రాయొచ్చు, వచ్చే ఏడు మేస్త్రి బండిలో చోటు అక్కర్లేని వాళ్లు.

గుంటూరులో మంచి బసలు లేక ఇలా జరుగుతోందని ఎవరూ అనుకోకూడదు. మిరపకాయకు అక్కడ చల్లని గదులున్నాయి. రంగు పోకుండా, పురుగు పట్టకుండా బస్తాలను కోల్డ్ స్టోరేజీల్లో పేరుస్తారు, బస్తాకింత అద్దె కట్టి రసీదు తీసుకుంటారు, ఆ రసీదు మీద బ్యాంకు అప్పు కూడా ఇస్తుంది. యూరప్ ప్రయాణం పెట్టుకున్న కాయకైతే ఇంకా వైభోగం. అఫ్లటాక్సిన్ అనే బూజు విషం ఉందేమోనని అక్కడి సరిహద్దులో భారతీయ ఎండుమిర్చికి పరీక్షలు పెడతారు. అందుకని కాయలను మట్టి నేల మీద పోయొద్దు, శుభ్రమైన పట్టల మీద ఆరబెట్టండి అని ఇక్కడ రైతులకు చెబుతుంటారు. కాయ ఏ పట్ట మీద పడుకుందో యూరప్ అడుగుతుంది. దాన్ని కోసిన మనిషి ఏ పట్ట కింద పడుకుందో గుంటూరూ అడగదు, కర్నూలూ అడగదు.

టూరిస్టుకూ కూలికీ పోలికేమిటి, ఒకరు ఖర్చు పెట్టడానికి పోతారు, ఇంకొకరు సంపాదించడానికి పోతారు అనొచ్చు. నిజమే, కానీ ఇష్టమన్న మాట మధ్యలోకి తెచ్చింది నేను కాదు. ఇష్టపడి పోయేవాడు రెండు మూడు చోట్లు చూసి, నచ్చనిదాన్ని వద్దంటాడు. వద్దనే వీలు ఎక్కడా లేనిచోట ఇష్టం ఎక్కడుందో చూపించాల్సిన బాధ్యత ఆ మాట అన్నవాళ్లదే. రైతు బస ఉచితంగానే ఇస్తున్నాడు కదా అన్నది ఇంకో వాదన. గట్టు మీద గడ్డి మొలవడానికీ అద్దె లేదు. అలాగని రైతు ఒక్కణ్నే తిట్టి లాభం లేదు. 2025లో మిర్చి ధర కూలిపోతే క్వింటాకు 11,781 రూపాయల లెక్కన కేంద్రం మార్కెట్ జోక్యానికి దిగాల్సొచ్చింది, పెట్టుబడికి అప్పు తెచ్చిన వాడు కూలీలకు గదులు కట్టిస్తాడని ఆశించడం అత్యాశే. ఎక్కువ కూలి కోసమే పోతున్నారన్న మాటకు మాత్రం లెక్క చూడాలి. ఉపాధి హామీ కూలి 2025-26లో మన రాష్ట్రంలో రోజుకు 307 రూపాయలు. అప్పట్లో ఏడాదికి 100 రోజులు, అదీ మనిషికి కాదు, కుటుంబానికి. మొగుడూ పెళ్లాం కలిసి గడ్డపార పడితే 50 రోజుల్లో కోటా ఖతం. పూర్తిగా దొరికినా 30,700 రూపాయలు. ఒక జంట షెంజెన్ వీసా ఫీజే దాదాపు 18 వేలు. మిగిలిన 315 రోజులకు పొట్ట నింపుకోవడాన్ని అత్యాశ అనేవాళ్లకు ఆకలి ఎలాంటిదో ఎవరూ చెప్పలేరు.

చట్టం కూడా ఈ ప్రయాణికుడితో పరాచకాలాడింది. 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కూలీల చట్టంలో కూలీని తీసుకుపోయే కాంట్రాక్టరు తగిన నివాసం ఇవ్వాలనీ, రాకపోకల ఖర్చు భరించాలనీ రాశారు. కాకపోతే రాష్ట్రం దాటాలి. కోసిగి మనిషి తుంగభద్ర దాటి పక్కనున్న రాయచూరులో పనికి కుదిరితే నివాసం అతని హక్కుగా ఉండేది. దాదాపు 400 కిలోమీటర్లు పోయి గుంటూరు చేలో దిగితే అతను సొంత రాష్ట్రంలోనే ఉన్నాడు కాబట్టి ఎవరికీ ఏమీ కాడు. ఆ చట్టాన్ని 2020 నాటి లేబర్ కోడ్‌లో కలిపేశారు. అంతకుముందు 40 ఏళ్లకు పైగా అది మన సుగ్గి బండిని చూసి పక్కకు తప్పుకునే ఉంది.

అలవాటు సంగతి కూడా తేలిపోవాలి. తాతల నాటి నుంచి పోతున్నారన్నది నిజం, తాతల నాటి నుంచి నీళ్లు లేవన్నదీ నిజం. తుంగభద్ర దిగువ కాలువలో మన వాటా కాగితం మీద 24 టీఎంసీలు. కాలువ దాదాపు 250 కిలోమీటర్లు కర్ణాటకలోనే పారి మన పొలిమేరకొచ్చేసరికి ఎంత మిగులుతుందో ఆయకట్టు రైతును అడిగితే చెబుతాడు. గుండ్రేవుల జలాశయం ఇంకా కాగితం మీదే ఉంది. ఖరీఫ్‌లో పత్తి తీశాక నల్లరేగడి నోరు తెరుచుకుంటే ఊళ్లో ఏం పని ఉంటుంది? పని ఇంటికొస్తే అలవాటు ఏమవుతుందో ఎమ్మిగనూరులో ఎప్పుడో చూశాం. 1938లో మాచాని సోమప్ప పెట్టిన చేనేత సహకార సంఘం నూలు ఇచ్చి, నేసిన బట్ట తీసుకుని, బతుకుదెరువును మగ్గం గుంత దగ్గరికే తెచ్చింది. ఆ సంఘం మంచి రోజుల్లో ఉన్నప్పుడు నేతగాళ్లకు ప్రయాణాల పిచ్చి ఉందని ఎవరూ కనిపెట్టలేదు. అన్నట్టు, సుగ్గి అలవాటేనని తేల్చిన సర్కారే తల్లిదండ్రులతో పోకుండా పిల్లలను ఊళ్లో ఆపడానికి సీజనల్ హాస్టళ్లు నడుపుతోంది. ఇష్టపడి ట్రిప్‌కు పోయేవాళ్ల పిల్లలకు హాస్టల్ పెట్టే ప్రభుత్వం యూరప్‌లో కూడా ఉండదు.

కాబట్టి వాళ్ల మాటే ఖాయం చేద్దాం. ఇది వింటర్ ట్రిప్పే. షెంజెన్ వాళ్లను చూసి కర్నూలు కలెక్టరేటు కూడా ఒక ఫారం పెట్టాలి. బండి కోసిగి దాటాలంటే మేస్త్రి అందులో దిగబోయే ఊరి పేరు, రైతు పేరు, కప్పు రేకుదా పట్టదా, మరుగుదొడ్డి ఎంత దూరం, తాగునీళ్లు ఎక్కడివి, పాము కరిస్తే ఏ ఆసుపత్రి, బీమా ఎంత అన్నవి నింపాలి. ఇలా అడిగితే గుంటూరు రైతులు మన కూలీలను పిలవరని భయపెట్టేవాళ్లుంటారు. పండిన కాయ చెట్టు మీద ఎన్నాళ్లు ఆగుతుందో, ఆగితే రంగూ ధరా ఏమవుతాయో రైతుకు వాళ్లకన్నా బాగా తెలుసు. బేరమాడాల్సింది ఆ అదనులోనే, అడ్వాన్సు చేతులు మారకముందే. ఫారం ఒక్క పేజీ చాలు, పొలిమేర ఊళ్ల కోసం కన్నడంలో కూడా అచ్చు వేయిస్తే మంచిది. వేలిముద్ర కూలీది అక్కర్లేదు. సంతకాలు మేస్త్రివీ, రైతువీ, ఇష్టమని తేల్చిన అధికారివీ ఉండాలి.