జోడు గొట్టాల తుపాకి సూత్రానికి కర్మన్‌ఘాట్ టీక

మూలం: పాతది, పేలనిది నీది, పేలేది లైసెన్సుది.

ప్రతిపదార్థం: పాతది = తాతల నాటి 12 బోర్ తుపాకి; పేలనిది = బాగుచేయించినా పేలనట్టిది; నీది = గోడకు తగిలించుకోదగినది; పేలేది = తూటా పెడితే మోగేది; లైసెన్సుది = పోలీస్ కమిషనర్ అనుమతికి లోబడి ఉండేది.

తాత్పర్యం: ‘పాతది’ అన్నాక ‘పేలనిది’ అనడం పునరుక్తి కాదు. 1959 ఆయుధాల చట్టం 45వ సెక్షన్ పురాతనమైనదాన్నీ, వాడుక పోయినదాన్నీ, పాడైనదాన్నీ వదిలేస్తుంది గాని, మరమ్మతు చేసినా చేయకున్నా ఆయుధంగా పనికిరానప్పుడే వదిలేస్తుంది. గడుసుతనమంతా ఆ మరమ్మతు దగ్గరే ఉంది. స్ప్రింగు విరిగిన ఇంగ్లీషు గ్రీనర్ తుపాకి మూలపడి ఎన్నేళ్లయినా ఆయుధమే, స్ప్రింగు మారిస్తే మోగుతుంది కనుక. అంటే ‘ఇప్పటికీ పనిచేస్తుంది’ అని మురిసి ఏ గుణానికి ఎక్కువ ధర ఇస్తామో, ఆ గుణమే దాన్ని ఈ సెక్షన్ మినహాయింపులోంచి లేపేస్తుంది. కాబట్టి సేకరించేవాడు పేలనిదాన్నే కొనాలని సూత్రకారుడి ఆశయం.

పేలని తుపాకి తీగల్లేని వీణ కదా అని పూర్వపక్షం. కాదు. పాత ఇంగ్లీషు తుపాకుల్లో చాలావాటివి డమాస్కస్ గొట్టాలు: ఇనుప, ఉక్కు పట్టీలను పురిపెట్టి, చుట్టలు చుట్టి, సమ్మెటతో అతికినవి. (మన కోనసముద్రం ఉక్కు డమాస్కస్ కత్తులకు పేరు తెచ్చిన మాట నిజమే, ఈ గొట్టాల మీది అలలతో మాత్రం దానికి చుట్టరికం కలపకూడదు.) అవి నల్లమందు కాలానివి. నేటి పొగరాని మందు ఒత్తిడికి చీలే ప్రమాదం ఉంది. పైగా నాటి తుపాకులు చాలావరకు 65 మిల్లీమీటర్ల తూటాకు చేసినవి, నేడు మామూలుగా దొరికేది 70ది. అంటే పేలే పాత తుపాకినైనా తెలిసినవాడు పేల్చడు. ఇక మిగిలేవి నగిషీ, వాల్‌నట్ మడమ, గొట్టం మీది అలలు. అవి పేలనిదానికీ ఉన్నాయి.

తాతగారిది, కొన్నది కాదుగా అంటే, తుపాకి వారసత్వంగా వస్తుంది, లైసెన్సు రాదు. డెబ్బయ్యేళ్లు నిండినవారు గాని, పాతికేళ్లుగా తుపాకి ఉన్నవారు గాని వారసుడికి లైసెన్సు ఇప్పించే వీలు 2016 నియమాల్లో ఉంది, కానీ వారసుడు తన పేర దరఖాస్తు పెట్టుకోవాల్సిందే. 2019 సవరణ మనిషికి మూడున్న పరిమితిని రెండు చేసింది, తాతగారిదీ అందులోనే లెక్క. రెండు తుపాకులను సేకరణ అనడం సాహసం.

వేటకని అడుగుదామా? చట్టం ఆత్మరక్షణ, క్రీడ వంటి కారణాలను వింటుంది, మోజును వినదు. వేటకు 1972 వన్యప్రాణి చట్టం అడ్డు. ఊరు కూడా కలిసిరాదు: హైదరాబాద్ కర్మన్‌ఘాట్ ఆంజనేయుడి స్థలపురాణంలో కాకతీయ ప్రోలరాజు వేటకొచ్చి రామనామం విన్నాడు. ఎల్బీనగర్ దాటితే వచ్చే నిజాం వేటభూమి ఇప్పుడు మహావీరుడి పేరిట కృష్ణజింకల వనం. అహింసామూర్తి పేరు పెట్టుకున్న చోటు పక్కన వేట తుపాకికి దరఖాస్తా!

అన్నీ గట్టెక్కి లైసెన్సు వచ్చిందే అనుకుందాం. ఎన్నికల కోడ్ రాగానే సాధారణంగా తుపాకిని స్టేషన్‌లో అప్పగించాలి: అసెంబ్లీకి, లోక్‌సభకు, స్థానిక సంస్థలకు. పేలనిది ఆ మూడుసార్లూ ఇంట్లోనే ఉంటుంది.