అమ్మమ్మ వెనకాల అంకెలు

గోంగూర పచ్చడి సీసా ముందువైపు అమ్మమ్మ ఉంటుంది. ముక్కుకి నత్తు, నుదుట రూపాయి కాసంత బొట్టు, పక్కన రోలు. సీసా వెనక్కి తిప్పితే ఆవిడ వంటింటి రహస్యాలు ఆవగింజంత అక్షరాల్లో బయటపడతాయి: 330, 260, 211. అంటే నిమ్మఉప్పు, వెనిగర్‌లో ఉండే ఆమ్లం, సోడియం బెంజోయేట్. గోంగూరకి పులుపు చాల్లేదని నిమ్మఉప్పు కలిపిన అమ్మమ్మ ఎవరో గానీ, గుంటూరు వైపు మాత్రం ఆవిడకి పిల్లనివ్వరు.

అల్లం వెల్లుల్లి పేస్టులో 415. క్యాబేజీ ఆకుల్ని నల్లగా కుళ్లబెట్టే బాక్టీరియా ఒకటుంది. దానికి చక్కెర మేపి తీసిన జిగురిది, పేరు జాంథాన్ గమ్. తింటే ప్రాణమేం పోదు, నాకు దాంతో పేచీ లేదు. పేచీ అల్లా పైన రాసిన ‘అచ్చం ఇంటి రుచి’తోనే. ఇంట్లో నూరిన ముద్ద నాలుగు రోజులకే నీళ్లూరుతుంది, ఒక్కోసారి పచ్చబడుతుంది కూడా. సీసాలోది నెలల తరబడి పెళ్లిచూపుల్లో కూర్చున్నట్టు కదలకుండా కూర్చుంటుంది.

సూపు ప్యాకెట్లు ఇంకా గడుసువి. ‘ఎంఎస్‌జీ కలపలేదు’ అని ముందు పెద్దక్షరాలు. వెనక 627, 631. ఎంఎస్‌జీ నాలుక మీద చేసే పనిని రెట్టింపు చేసే బాపతు ఇవి. పక్కనే ఈస్టు సారం ఉంటే అందులోని గ్లూటమేట్ ఎలాగూ తోడవుతుంది. దొంగని పిలవలేదు, బావమరిదిని పిలిచారంతే.

ఈ 631 చేపల నుంచీ మాంసం నుంచీ తీయొచ్చు, కర్రపెండలం పిండిని పులియబెట్టీ తీయొచ్చు. ఏది వాడారో అంకె చెప్పదు. ఆకుపచ్చ చుక్క ఉందిగా, నమ్మి నోట్లో వేసుకోవాలి. 2021 డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు ఈ 631 సంగతే ఎత్తి, అంకె వేసి ఊరుకుంటే చాలదు, సరుకు మొక్కదో, జంతువుదో, ప్రయోగశాలదో విప్పి చెప్పమంది.

ఇంతకీ ఆ చుక్క నిర్వచనం చదివారా? జంతువుల నుంచి వచ్చిందేదైనా మాంసాహారమేనట. పాలు, తేనె, తేనెమైనం, లక్క మాత్రం కాదట. మిఠాయి బిళ్లలకి మెరుగు పెట్టే లక్క, పురుగు కార్చిందే అయినా పచ్చచుక్కే. అదే జాబితాలో కార్నౌబా మైనానికీ మినహాయింపు ఇచ్చారు. అది బ్రెజిల్‌లో ఒక తాటిజాతి చెట్టు ఆకుల మీద పట్టే మైనం! ఆకు మీది మైనం మాంసం కాదని నిబంధన రాసి మరీ తేల్చారు. ఇక ఉప్మారవ్వ మాంసం అవునో కాదో కూడా వాళ్లనే అడిగి, రాతపూర్వకంగా తెచ్చుకోవాలి.