ఆమడ ఎవరిదండీ?

ఏటా హనుమజ్జయంతి నాడు అసలు సూర్యుడి కన్నా ముందే నా ఫోన్లో ఒక సూర్యుడు ఉదయిస్తాడు. సందేశం పాతదే. భూమికీ సూర్యుడికీ ఎంత దూరమో నాసా కన్నా వందల ఏళ్ళ ముందే తులసీదాసు హనుమాన్ చాలీసాలో చెప్పేశారట. బాల హనుమంతుడు సూర్యుణ్ణి పండనుకున్న చోట యుగం, సహస్రం, యోజనం అని మూడు మాటలున్నాయి. యుగమంటే 12,000, సహస్రమంటే 1,000, యోజనమంటే 8 మైళ్ళు. హెచ్చవేస్తే 9.6 కోట్ల మైళ్ళు. దాన్ని 1.6తో హెచ్చవేస్తే 15.36 కోట్ల కిలోమీటర్లు. జై బోలో, పదిమందికి పంపు!

పంపుదును గానీ, యుగానికి 12,000 ఎక్కడివి? దేవతల లెక్కలో నాలుగు యుగాలూ కలిపి అన్ని ఏళ్ళు. ఏళ్ళను యోజనాలతో హెచ్చవేస్తే దూరం వస్తుందని ఏ పంతులుగారు చెప్పారో! మా తాత వయసును మా చేను పొడవుతో హెచ్చవేస్తే ఏమొస్తుంది? తగాదా వస్తుంది. పోనీ యుగమే కావాలంటే, మనుషుల లెక్కలో ఒక్క కలియుగానికే 4,32,000 ఏళ్ళు. అంకెలకు బదులు మాటలు వాడే సిద్ధాంత గ్రంథాల్లో యుగమంటే 4. నిఘంటువు తీస్తే జంట, అంటే 2. ఇన్ని యుగాలుండగా 12,000కే యోగం పట్టడానికి కారణం ఒకటే. జవాబు ముందే చేతిలో ఉంది, లెక్క తర్వాత పుట్టింది.

ఇక యోజనం, మన తెలుగు ఆమడ. ఆర్యభటుడు 8,000 నిలువులు ఒక యోజనమన్నాడు, భూమి వ్యాసం 1,050 యోజనాలన్నాడు. సూర్యసిద్ధాంతమనే పాత ఖగోళ గ్రంథం అదే భూమికి 1,600 అంది. ఈలోగా భూమి ఉబ్బలేదు, ఆమడే కుంచించుకుపోయింది. అసలు వ్యాసం 12,756 కిలోమీటర్లను వాటితో భాగించి చూడండి. ఆర్యభటుడి ఆమడ 12 కిలోమీటర్ల పైచిలుకు, సూర్యసిద్ధాంతం ఆమడ 8కి కాస్త తక్కువ. ఫోను సూర్యుడి 1.2 కోట్ల ఆమడల మీద ఈ తేడా దాదాపు 5 కోట్ల కిలోమీటర్లు!

ఇదేమీ మనకు తెలియని సంగతి కాదు. ఇంటిస్థలాలు కొలిచే అంకణమంటే తిరుపతిలో 36 చదరపు అడుగులు, నెల్లూరులో 72. రెండూళ్ళ మధ్య దూరం పదామడలు. నెల్లూరు అంకణం ధర పెట్టి తిరుపతి అంకణం కొనుక్కొచ్చిన మగవాడికి ఆ పూట ఇంట్లో అన్నం పుట్టదు. ఇంటిస్థలం దగ్గర ఇంత గట్టిగా ఉండేవాళ్ళం, సూర్యుడి దగ్గరికొచ్చేసరికి ఏ అంకణమని అడగం.

పోనీ ఇన్ని తంటాలు పడ్డాక జవాబైనా కుదిరిందా? సూర్యుడి సగటు దూరం 14.96 కోట్ల కిలోమీటర్లు. జులై మొదట్లో భూమి అన్నిటికన్నా దూరంగా జరిగినప్పుడూ 15.21 కోట్లే. ఆ 15.36 కోట్లు ఏడాదిలో ఏ రోజునా తగలవు. సగటుతో తేడా 40 లక్షల కిలోమీటర్లు, అంటే చంద్రుడి దగ్గరికి ఐదుసార్లు వెళ్ళిరావచ్చు. విష్ణుపురాణమైతే సూర్యుణ్ణి లక్ష యోజనాల ఎత్తున పెట్టి, చంద్రుణ్ణి ఆపైన ఇంకో లక్ష యోజనాల ఎత్తున పెట్టింది. ఆ లెక్క ఎవరూ పంపరేం? నాసా ఒప్పుకోదు గనక. మన పెద్దల గొప్పకు చివరికి నాసా సంతకం కావలసి వచ్చింది!

నేల కొలిచే గొలుసుతో సూర్యుణ్ణి కొలవడం అసాధ్యమేమీ కాదు. 1802లో మద్రాసు దగ్గర సర్వేయరు లాంబ్టన్ గొలుసు పరిచి ఒక గీత కొలిచి, దాని మీద త్రిభుజాలు అల్లుకుంటూ పోయాడు. భూమి కొలత అలాంటి పనుల్లోంచే తేలింది. శుక్రుడు సూర్యబింబాన్ని దాటడాన్ని భూమ్మీద దూరదూరపు చోట్ల నుంచి చూసి, కనిపించిన తేడాను ఆ కొలతతో కలిపి సూర్యుడి దూరం రాబట్టారు. 1874 డిసెంబరు 9న ఆ దాటడాన్ని విశాఖపట్నంలో తన మామగారు గోడే వెంకట జగ్గారావు కట్టించిన వేధశాల నుంచి చూసి, లెక్కలు రాసి పంపినాయన అంకితం వెంకట నరసింగరావు. లండన్ రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ పత్రిక వాటిని అచ్చువేసింది. కన్ను దుర్భిణికి ఆనించి క్షణాలు లెక్కపెట్టిన ఆ తెలుగాయన పేరు మాత్రం ఏ పండగకీ ఫోనులోకి రాదు.

తులసీదాసు రాసింది భక్తి, సర్వే రిపోర్టు కాదు. పండనుకుని ఎగిరిన పసివాడు దూరం అడగలేదు, అందులోనే ఉంది అందం. ఆ అందానికి మైళ్ళు కట్టేవాళ్ళు ఈసారి సందేశం పంపితే కోప్పడకండి. ఒక్క మాట తిరిగి రాయండి: ఆమడ ఎవరిదండీ?